గ్రీకు పురాణాల యాక్షన్ గేమ్ కొనే ముందు, ఆ దేవుళ్లతో మీకేం పనో తేల్చుకోండి

మా పిన్ని కొడుకు ఈమధ్య పీఎస్5 (ప్లేస్టేషన్ 5 గేమ్ మెషీన్) కొన్నాడు. గ్రీకు దేవుళ్లతో కొట్లాడే ఆట అని విని, గాడ్ ఆఫ్ వార్ తెచ్చుకుని రాత్రంతా ఆడి, పొద్దున్నే ఫోన్ చేశాడు. "అన్నా, ఇందులో దేవతల రాజు జ్యూస్ ఎక్కడ? అంతా మంచు అడవి, పక్కన ఒక పిల్లాడు, చేతిలో గొడ్డలి. వేరే గేమ్ కొన్నానా?"

వాడు తెచ్చుకున్నది 2018లో వచ్చిన గాడ్ ఆఫ్ వార్. చాలా గొప్ప గేమే, కానీ అది జరిగేది ఓడిన్, థోర్ ఉండే ఉత్తర ఐరోపా పురాణ లోకంలో. గ్రీసులో జరిగే అసలు గాడ్ ఆఫ్ వార్ 2005లో పీఎస్2 మీద వచ్చింది. రెండింటికీ పేరు ఒక్కటే, హీరో ఒక్కడే. అందుకే ఈ పొరపాటు చాలామందికి జరుగుతోంది. ఆ ఫోన్ తర్వాతే ఇదంతా ఒకచోట రాసి పెట్టాలనిపించింది.

గ్రాఫిక్స్, రివ్యూ మార్కులు చూసి ఎంచుకుంటే ఈ గేముల్లో మీకు సరిపడేది దొరకదు. మార్కులు అన్నిటికీ బాగానే ఉన్నాయి. వీటి మధ్య అసలు తేడా దేవుళ్లకీ మీకూ ఉన్న సంబంధంలో ఉంది. గాడ్ ఆఫ్ వార్‌లో దేవుళ్లు మీ శత్రువులు. హేడిస్‌లో వాళ్లు మీ చుట్టాలు. అసాసిన్స్ క్రీడ్ ఒడిస్సీ అసలు కథలో దేవుళ్లు కనబడరు, వాళ్లను నమ్మి బతికే మనుషులు కనబడతారు. ఇమ్మోర్టల్స్ ఫీనిక్స్ రైజింగ్‌లో దేవుళ్లు శక్తులు పోగొట్టుకుని మీ సాయం కోసం చూస్తుంటారు. ఈ నాలుగింటిలో మీ మనసు ఎటు లాగుతుందో తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

కోపం కావాలంటే: గాడ్ ఆఫ్ వార్

భస్మాసురుడి కథ తెలిసిన మనకు ఈ గేమ్ హీరో క్రేటోస్ కథ అందుకోవడం కష్టం కాదు. స్పార్టా సేనాని క్రేటోస్ యుద్ధంలో చావు ముందు నిలబడి యుద్ధదేవత ఏరీస్‌ని పిలుస్తాడు: నా శత్రువుల్ని చంపెయ్, నా ప్రాణం నీదే. ఏరీస్ వరమిస్తాడు, చేతులకు గొలుసులతో అతుక్కుపోయే రెండు కత్తులిస్తాడు. ఆ తర్వాత అదే దేవుడు పన్నిన మాయలో క్రేటోస్ తన భార్యనీ కూతుర్నీ తన చేతులతోనే చంపుకుంటాడు. వాళ్ల బూడిద ఒంటికి అంటుకుపోతుంది. అతను తెల్లగా పాలిపోయి కనబడటానికి కారణం అదే. వరమిచ్చినవాడి మీదికే వరం తిరగబడటం మిగతా కథ.

గ్రీకు పురాణాల్లో హెరాక్లీస్ కూడా హీరా పంపిన ఉన్మాదంలో సొంత పిల్లల్ని చంపుకుంటాడు. గేమ్ కథ ఆ పాత బాధ ఛాయలోనే నడుస్తుంది. రెండో, మూడో భాగాల్లో జ్యూస్ భయం కూడా పురాణంలోదే: తండ్రి యురేనస్‌ని క్రోనస్ పడగొట్టాడు, క్రోనస్‌ని జ్యూస్ పడగొట్టాడు, ఇక నా వంతు ఎప్పుడన్నది ఆ భయం. ఈ వరస తెలిసి ఆడితే మూడో భాగం ముగింపు గుండెకి తగులుతుంది.

ఆట తీరు ఇలా ఉంటుంది. కెమెరా మీ చేతిలో ఉండదు, గేమే తనకి నచ్చిన కోణంలో చూపిస్తుంది. గొలుసు కత్తులు చుట్టూ గిరగిరా తిరుగుతాయి, పదిమంది మీద పడినా ఒకేసారి ఊడ్చేయొచ్చు. పెద్ద శత్రువు నీరసపడ్డాక తెర మీద బటన్ గుర్తు వస్తుంది, సరైన సమయానికి నొక్కితే ఆ శత్రువు కథ ముగుస్తుంది. మొదటి భాగం ఏజియన్ సముద్రంలో, ఓడ మీద హైడ్రా అనే పలుతలల పాముతో పోరాటంతో మొదలవుతుంది. మూడో భాగం అయితే భూదేవి గయా శరీరం మీద నిలబడి ఒలింపస్ పర్వతం ఎక్కుతుండగా మొదలవుతుంది. మీరు నిలబడిన నేలే ఒక బతికున్న టైటాన్, అంటే జ్యూస్ కన్నా ముందుతరం మహాకాయ దేవత. అది కదులుతుంటే, చేయి ఎత్తుతుంటే, మీరు దాని మీదే సముద్రదేవుడు పోసైడన్‌తో పోరాడుతుంటారు. 2010లో వచ్చిన ఆ అరగంటని మించిన ఆరంభం నేనింకా చూడలేదు.

కొనేటప్పుడు తెలియాల్సింది ఇది. ఇప్పుడు పీఎస్4లో గానీ పీఎస్5లో గానీ గ్రీకు కథ ఆడాలంటే తేలికగా దొరికేది గాడ్ ఆఫ్ వార్ 3 రీమాస్టర్డ్, 2015లో వచ్చింది. మొదటి రెండు భాగాలు పీఎస్2, పీఎస్3, వీటా (చేతిలో పట్టుకుని ఆడే ప్లేస్టేషన్) కాలానికి చెందినవి. పాత పీఎస్3 ఇంట్లో ఉంటే మొదటి రెండూ కలిపి వచ్చిన కలెక్షన్ డిస్క్ వెతకండి, వరసగా ఆడితే ఆ రుచే వేరు. లేకపోతే నేరుగా మూడోది మొదలుపెట్టొచ్చు. మొదట్లో వచ్చే బొమ్మల కథనం పాత కథని కొంత గుర్తుచేస్తుంది. అయినా ఒక పని చేయండి: రెండో భాగం చివరి పదిహేను నిమిషాలు వీడియోలో చూసి మొదలుపెట్టండి. మూడోది సరిగ్గా అది ఆగిన క్షణం నుంచే మొదలవుతుంది.

పీసీ వాళ్లకి ఇక్కడ నిరాశే. 2018 గేమ్ 2022లో పీసీకి వచ్చింది, దాని తర్వాతి భాగం రాగ్నరాక్ 2024లో వచ్చింది, గ్రీకు భాగాలు మాత్రం రాలేదు. రాగ్నరాక్‌కి ఉచితంగా ఇచ్చిన వల్హల్లా అనే అదనపు భాగంలో ముసలి క్రేటోస్ తన గ్రీకు గతాన్ని ఎదుర్కొంటాడు. చేసినవాటికి తనని తాను అడిగే ప్రశ్నలు అందులో ఉన్నాయి. పాత మూడు భాగాలూ ఆడినవాళ్లకి అది తప్పకుండా ఆడాల్సిన భాగం.

ఒక హెచ్చరిక. ఈ గ్రీకు గేములు పెద్దవాళ్ల కోసమే. కళ్లు పీకడం, తల తెంపడం చాలా దగ్గరగా చూపిస్తారు, పడకగది సన్నివేశాలూ ఉన్నాయి. ఇంట్లో పన్నెండేళ్ల పిల్లలు వెనక కూర్చుని చూస్తుంటే మీరే ఇబ్బంది పడతారు. పైగా మూడో భాగంలో క్రేటోస్ మీద జాలి కలగడం కూడా కష్టమే. అంత కోపాన్ని పది గంటలు మోయగలరా అనేది నిజంగా ఆలోచించుకోవాల్సిన ప్రశ్న. నేను ఒక్కో భాగాన్ని వారాంతంలో మొదలుపెట్టి, మధ్యలో రెండు రోజులు ఆపి ఆడాను.

నా మొదటి సలహా: హేడిస్

ఎక్కువమందికి నేను చెప్పేది ఇదే. 2020 సెప్టెంబర్‌లో పూర్తిస్థాయిలో విడుదలైంది. చేసింది సూపర్‌జైంట్ గేమ్స్ అనే చిన్న అమెరికన్ స్టూడియో. 2021లో సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచనలకిచ్చే హ్యూగో అవార్డు అందుకుంది, ఒక వీడియో గేమ్‌కి ఆ అవార్డు రావడం అదే మొదటిసారి. కథ రాసే తీరుకి దక్కిన గౌరవం అది.

పాతాళరాజు హేడిస్ కొడుకు జాగ్రియస్ ఇంట్లోంచి పారిపోవాలనుకుంటాడు. తల్లి ఎవరో, ఎక్కడుందో తెలుసుకోవాలని. టార్టరస్, ఆస్ఫొడెల్, ఎలీసియం, స్టిక్స్ నది ఆలయం, ఈ నాలుగూ దాటితే పైలోకం. గదులు ప్రతిసారీ వేరే వరసలో వస్తాయి. చచ్చిపోతే మళ్లీ నాన్న ఇంట్లోనే, నెత్తుటి కొలనులోంచి లేస్తాడు. లేవగానే నిద్రదేవుడు హిప్నోస్ ఈసారి ఎవరి చేతిలో చచ్చావో చెప్తాడు, మూడు తలల సెర్బెరస్ నిమిరించుకోవడానికి ఎదురుచూస్తుంది. మన ఋగ్వేదంలో యముడికి నాలుగేసి కళ్లున్న రెండు కుక్కలుంటాయి. పాతాళం వాకిట్లో కుక్క అనేది మనకీ గ్రీకులకీ తోచిన ఊహ అనుకుంటే ఆ నిమరడం ఇంకా బాగుంటుంది.

దారిలో ఒలింపస్ నుంచి బంధువులు వరాలు పంపుతారు. ఒక్కో దేవుడు మూడు వరాలు చూపిస్తాడు, మీరు ఒకటి ఎంచుకోవాలి. జ్యూస్ వరం తీసుకుంటే మీ దెబ్బ ఒకడి నుంచి ఇంకొకడికి పిడుగులా పాకుతుంది. పోసైడన్ వరం శత్రువుని అలలా వెనక్కి తోస్తుంది. ఎథీనా వరంతో పక్కకి దూకితే మీ మీదికి వచ్చిన బాణం తిరిగి వేసినవాడికే తగులుతుంది. ఇద్దరు దేవుళ్ల వరాలు కలిస్తే కొత్త శక్తి పుడుతుంది. ఆయుధాలు ఆరు. ఈ కలయికలే గేమ్ అసలు ఆకర్షణ. పదిసార్లు ఆడితే పది రకాలుగా ఆడినట్టు ఉంటుంది.

నేను ఈ గేమ్‌ని ఇంతగా ఇష్టపడటానికి కారణం మాత్రం పోరాటం కాదు. పురాణాల్లో అన్యాయం జరిగినవాళ్లకి ఇందులో చివరికి మాట దక్కుతుంది. చనిపోయిన భార్య యూరిడిసీని పాతాళం నుంచి తెచ్చుకుంటూ ఆర్ఫియస్ వెనక్కి తిరిగి చూసి ఆమెని పోగొట్టుకున్నాడు కదా, ఇక్కడ ఇద్దరూ పాతాళంలోనే వేర్వేరు చోట్ల ఉంటారు. మీరు పట్టించుకుంటే మళ్లీ కలుస్తారు. ట్రాయ్ యుద్ధ వీరుడు అకిలీస్ ఈ ఇంటి కాపలాదారు, అతని ప్రాణమిత్రుడు పెట్రోక్లస్ ఎలీసియంలో ఒంటరిగా కూర్చుని ఉంటాడు. ఎప్పటికీ బండని కొండెక్కిస్తూనే ఉండాలని శిక్ష పడ్డ సిసిఫస్ తన బండతో స్నేహం చేసుకున్నాడు. థీసియస్, అతను చంపిన ఎద్దుతల మినోటార్ ఇద్దరూ ఇప్పుడు ఒక జట్టు, కలిసి మీ మీదికి వస్తారు. ఒక్కొక్కరితో కొంచెం కొంచెంగా, ఎన్నో చావుల మధ్య మాట్లాడతారు. నాన్న కోపం వెనక ఏముందో కూడా అలాగే తెలుస్తుంది.

ఒక్కో ప్రయత్నం అరగంట నుంచి నలభై నిమిషాలు. రాత్రి భోజనం అయ్యాక ఒక్కసారి ఆడి పడుకోవచ్చు. ఉద్యోగం చేస్తూ, చిన్న పిల్లలతో ఉన్నవాళ్లకి ఇది పెద్ద సౌకర్యం. యాక్షన్ గేములు ఎప్పుడూ ఆడలేదని టెన్షన్ ఉంటే సెట్టింగ్స్‌లో గాడ్ మోడ్ ఉంది. అది పెడితే శత్రువుల దెబ్బ మొదట 20 శాతం తగ్గుతుంది, చచ్చినప్పుడల్లా ఇంకో 2 శాతం చొప్పున తగ్గుతూ పోతుంది. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, కథ అంతా యథాతథంగానే వస్తుంది. మా ఆవిడ అలాగే ఆడి పూర్తిచేసింది.

మెషీన్ విషయంలో కూడా ఇదే ఉదారం. నాలుగు జీబీ ర్యామ్, పదిహేను జీబీ ఖాళీ ఉన్న మామూలు ల్యాప్‌టాప్‌లో నడుస్తుంది. ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్, స్విచ్ అన్నింటిలోనూ ఉంది. కీబోర్డ్, మౌస్‌తో ఆడొచ్చు కానీ మామూలు కంట్రోలర్ ఒకటి ఉంటే వేళ్లకి హాయి.

ఎవరికి నచ్చదు? ఒకే దారి మళ్లీ మళ్లీ నడవడం విసుగు అనుకునేవాళ్లకి. ఒక్కసారి బయటపడితే అయిపోదు, పదిసార్లు బయటపడితే గానీ అసలు కథ ముగింపు రాదు. ఇది ముందే తెలిస్తే మంచిది, మొదటిసారి గెలిచి ఆపేసినవాళ్లని చాలామందిని చూశాను. ఇంకోటి ఇంగ్లిష్. ఇక్కడ చెప్పే ఏ గేమ్‌లోనూ తెలుగు లేదు, హేడిస్‌లో మాటలు మిగతావాటి కంటే ఎక్కువ. కానీ ఇంట్లో జరిగే సంభాషణలు మీరు బటన్ నొక్కేదాకా తెర మీదే ఉంటాయి, మెల్లగా చదువుకోవచ్చు.

హేడిస్ 2 కూడా 2025 సెప్టెంబర్‌లో పూర్తిగా వచ్చింది. అందులో జాగ్రియస్ చెల్లెలు మెలినోయీ, మంత్రగత్తె హెకటీ దగ్గర పెరిగి, తాతయ్య క్రోనస్ మీదికి వెళ్తుంది. పాతాళంలోకి ఒక దారి, ఒలింపస్ వైపు ఒక దారి. మొదటిదాని కన్నా పెద్దది, కొంచెం చిక్కనిది కూడా. మొదటిది ఆడాకే దీనికి రండి. ఆ ఇంటి మనుషులు తెలిసుంటేనే ఆ ఇల్లు పాడైపోవడం బాధ పెడుతుంది.

ఊరంతా తిరగాలంటే: ఒడిస్సీ

అసాసిన్స్ క్రీడ్ ఒడిస్సీ 2018 అక్టోబర్‌లో వచ్చింది. క్రీస్తుపూర్వం 431, ఏథెన్స్, స్పార్టాల మధ్య పెలొపొనీసియన్ యుద్ధం మొదలైన ఏడాది. కసాండ్రా గానీ అలెక్సియోస్ గానీ, ఒకరిని ఎంచుకుంటారు. ఇద్దరూ థర్మోపైలీ యుద్ధంలో చనిపోయిన స్పార్టా రాజు లియోనిడాస్ మనవలే. నా మాట వింటే కసాండ్రాని తీసుకోండి, ఆమె గొంతులో ఆ పాత్ర నిండుగా ఉంటుంది.

ఇక్కడ సోక్రటీస్ వీధిలో ఆపి వాదిస్తాడు, చరిత్రకారుడు హెరొడోటస్ మీ ఓడలో ప్రయాణిస్తాడు, వైద్యుడు హిప్పొక్రటీస్ రోగుల మధ్య తిరుగుతుంటాడు. కెఫలోనియా దీవిలో జ్యూస్ విగ్రహం మీదికి ఎక్కి సముద్రం చూడొచ్చు. ఏథెన్స్ కొండమీది ఆలయాల కోట అక్రొపొలిస్ రంగులతో ఉంటుంది, ఇప్పుడు మనం చూసే తెల్లటి రాళ్లలా కాదు. పురాణ జీవులు కూడా ఉన్నాయి: మెడూసా, మినోటార్, సైక్లోప్స్, స్ఫింక్స్. అవి ఒక్కొక్కటి ఒక మూల దాగి ఉంటాయి, వెతుక్కుని వెళ్లాలి.

బలం ఏదో బలహీనత కూడా అదే. గేమ్ చాలా పెద్దది. ముఖ్య కథ ఒక్కటే నలభై గంటలు దాటుతుంది. మధ్యలో మీ స్థాయి చాలక ముందుకు వెళ్లలేక, చిన్నచిన్న పనులు చేస్తూ తిరగాల్సి వస్తుంది. ఒక కోట దోచుకున్నాక పదో కోట కూడా దాదాపు అలాగే ఉంటుంది. నెలకి రెండు ఆదివారాలే దొరికే మనిషికి నేను దీన్ని చెప్పను. సెలవుల్లో, ఎక్కడికో వెళ్లి మునిగిపోవాలనిపించే మూడు వారాలుంటే మాత్రం ఇంతకన్నా మంచి గ్రీసు యాత్ర లేదు. ర్యామ్ కనీసం ఎనిమిది జీబీ, మంచి గ్రాఫిక్స్ కార్డ్ ఉండాలి. పీఎస్5లో సెకనుకి 60 ఫ్రేములతో సాఫీగా నడుస్తుంది.

ఇళ్లలో పిల్లలుంటే దీనితో వచ్చే డిస్కవరీ టూర్ గురించి తప్పక తెలుసుకోండి. పోరాటం లేకుండా అదే గ్రీసులో తిరుగుతూ, ఆలయాలు, అగోరా (ఊరి సంత చౌకు), కుమ్మరి పని, ఒలింపిక్ ఆటల గురించి వినొచ్చు. తొమ్మిదో తరగతి చదివే మా మేనకోడలు ఎథీనా విగ్రహం దగ్గర అరగంట ఆగిపోయింది.

పిల్లలతో కలిసి ఆడేవాళ్లకి, పాత ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లకి

ఇమ్మోర్టల్స్ ఫీనిక్స్ రైజింగ్ 2020 డిసెంబర్‌లో వచ్చింది, ఒడిస్సీ చేసిన యుబిసాఫ్ట్ క్యుబెక్ వాళ్లదే. టైఫాన్ అనే రాక్షసుడు దేవుళ్ల శక్తులు లాగేశాడు. కొండకి కట్టేసిన ప్రొమీథియస్ ఈ కథని జ్యూస్‌కి చెప్తుంటాడు, జ్యూస్ మధ్యమధ్యలో అడ్డుపడుతుంటాడు. రంగురంగుల దీవి, ఎక్కడం, ఎగరడం, చిక్కుముడి గదులు. రక్తం లేదు. పదేళ్లు దాటిన పిల్లలు పక్కన కూర్చుని పజిల్స్ చెప్తుంటే మీరు ఆడొచ్చు. పోరాటం కన్నా పజిల్సే ఎక్కువ, కాబట్టి కత్తి తిప్పడమే కావాలనుకుంటే దీని జోలికి వెళ్లకండి.

పదేళ్ల నాటి ల్యాప్‌టాప్, చేతిలో మౌస్ మాత్రమే ఉంటే టైటాన్ క్వెస్ట్ చూడండి. 2006 నాటి గేమ్, 2016లో యానివర్సరీ ఎడిషన్‌గా సరిచేసి మళ్లీ తెచ్చారు. పైనుంచి చూస్తూ, క్లిక్ చేస్తూ, గ్రీసు నుంచి ఈజిప్టు, చైనా దాకా నడుస్తారు. స్నేహితులతో కలిసి ఆడటానికి ఇప్పటికీ బాగుంటుంది.

ఈ గేముల గురించి మాట్లాడినప్పుడల్లా మనవాళ్లు ఒకటి అడుగుతారు: మన పురాణాలతో ఇలాంటిది ఎందుకు లేదని. ప్రయత్నం జరిగింది, అదీ హైదరాబాద్‌లోనే. 2009లో పీఎస్2 కోసం హనుమాన్: బాయ్ వారియర్ అనే గేమ్ ఇక్కడే తయారైంది. దేవుణ్ణి బటన్లతో ఆడించడం ఏమిటని అప్పట్లో అభ్యంతరాలూ వచ్చాయి, ఆట నాణ్యతకీ మంచి పేరు రాలేదు. జ్యూస్‌ని చంపే కథ రాసినంత తేలికగా, ఇళ్లలో రోజూ దీపం పెట్టే దేవుళ్ల కథ రాయలేం. హేడిస్ పద్ధతి, అంటే దేవుళ్లని ఒక పెద్ద కుటుంబంలా చూపడం, ఆ దారిలో వెళ్లేవాళ్లకి పనికొస్తుందని నా నమ్మకం.

మా తమ్ముడికి చివరికి ఏం చెప్పానంటే: తెచ్చుకున్న 2018 గేమ్‌ని పక్కన పెట్టు, ముందు హేడిస్ ఆడు, తర్వాత గాడ్ ఆఫ్ వార్ 3, ఆ తర్వాత మళ్లీ ఆ మంచు అడవికి వెళ్లు. గ్రీసులో క్రేటోస్ చేసింది చూసి వెళ్తే, పక్కనున్న పిల్లాడితో అతను ఎందుకంత తక్కువ మాట్లాడతాడో అర్థమవుతుంది. వాడిప్పుడు ఆస్ఫొడెల్ దాకా వచ్చి ఎముకల హైడ్రా దగ్గర ఆగిపోయాడు. ఎథీనా వరం వస్తే పక్కకి దూకే దానికి తీసుకోమని చెప్పాను.